తెల్లవారుజామున తెరవవలసిన పెట్టె: సరస్సు నీటి పరీక్షా పరికరాలపై సమీక్ష

సరస్సులో చేపపిల్లలను వదలాలా వద్దా అన్న చర్చ మా బృందంలో ఏటా వచ్చేది. చేపలు తగ్గాయి కాబట్టి పిల్లలను వదలవలసిందేనని కొందరు, ఉన్న చేపలే బతకలేని నీటిలో కొత్తవాటిని వదిలి ప్రయోజనమేమిటని మరికొందరు వాదించేవారు. ముందు నీటి సంగతి తేలితే గాని ఈ వాదన తేలదన్న ఉద్దేశంతో 14 నెలల క్రితం ఈ పరీక్షా పెట్టెను తెప్పించుకున్నాము. ఇందులో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే ద్రావణాలు, థర్మామీటరు, పీహెచ్, నైట్రేట్, ఫాస్ఫేట్ మాత్రలు, రంగుల పట్టిక, నీటిలోకి దించి అది కనుమరుగయ్యే లోతును బట్టి నీటి తేటదనాన్ని చూసే నలుపు తెలుపు సెక్కీ పళ్లెం, దానికి గుర్తులు వేసిన తాడు ఉన్నాయి. పీహెచ్, నైట్రేట్ పరీక్షల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పిన పని చేస్తాయి.

పెట్టెకు ప్రాణం ఆక్సిజన్ పరీక్షే. హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతి ఇది. గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా సీసాను నింపి, మాంగనీస్ ద్రావణాన్నీ క్షార అయొడైడ్ ద్రావణాన్నీ చుక్కలుగా వేసి, మూత బిగించి తలకిందులు చేస్తే, నీటిలోని ఆక్సిజన్ మేరకు గోధుమరంగు మడ్డి కడుతుంది. అది కిందికి దిగాక ఆమ్లం వేస్తే కరిగిపోయి నీరు తేనెరంగుకు మారుతుంది. ఆపైన సిరంజితో థయోసల్ఫేట్‌ను కొద్దికొద్దిగా వదులుతూ, రంగు లేతబడ్డాక స్టార్చ్ వేయగానే సీసాలో సిరా పోసినట్టు నీలం కమ్ముకుంటుంది. ఆ నీలం ఏ చుక్కతో మాయమవుతుందో అక్కడ సిరంజి చూపే అంకె లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉందో చెబుతుంది. బ్యాటరీ అక్కర లేదు, యంత్రాన్ని సరిచూసుకునే పని లేదు. ఆమ్లం వేసిన నమూనాను కొన్ని గంటలు నీడలో ఉంచి ఒడ్డుకు వచ్చాక తీరికగా కొలుచుకోవచ్చు కనుక, ఊగే పడవలో చుక్కలు లెక్కపెట్టే బాధ తప్పుతుంది. మూడో నెలలోనే సిరంజి రబ్బరు వదులై కారడం మొదలుపెట్టింది గాని, అమ్మినవారు ఆలస్యంగానైనా కొత్తది పంపారు.

నా అసలు ఫిర్యాదు పెట్టెతో పాటు వచ్చిన సూచనల కరపత్రం మీద. ఎలా కొలవాలో అది చక్కగా చెబుతుంది. ఎప్పుడు, ఎంత లోతున కొలవాలో మాత్రం చెప్పదు. మొదటి రెండు నెలలూ మేము మధ్యాహ్నమే, ఒడ్డు దగ్గరి పైనీటిలోనే కొలిచాము. ఒకనాడు 11.6 మిల్లీగ్రాములు వచ్చేసరికి సరస్సు భేషుగ్గా ఉందని సంబరపడ్డాము. 28 డిగ్రీల నీరు గాలి నుంచి తీసుకుని నిలుపుకోగలిగేది దాదాపు 7.8 మాత్రమేనని, పైన కనిపించినదంతా నీటిని పచ్చగా మార్చిన నాచు ఎండలో వదిలిన ఆక్సిజన్ అని తరువాత అర్థమైంది. సూర్యుడు దిగాక నాచు కూడా ఆక్సిజన్‌ను తీసుకునేదే. అదే చోట మర్నాడు తెల్లవారకముందు కొలిస్తే 3.4 వచ్చింది. 5కు దిగువన చాలా చేపలకు ఇబ్బంది మొదలవుతుంది, 2కు దిగువన అనేక జాతులు నిలవలేవు. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచే వేళ కూడా అదే కాబట్టి, మధ్యాహ్నపు అంకె అబద్ధం కాకపోయినా చేపకు సంబంధించినంతవరకు నిరుపయోగమే.

లోతు సంగతి మాకు తెలిపినవాడు ఒక వృద్ధ మత్స్యకారుడు. "ఆరు మీటర్ల కిందికి వల దించి లాభం లేదండీ, అడుగు భాగం నల్లబడి కుళ్లిన గుడ్డు కంపుతో వస్తుంది" అన్నాడు. పెట్టెలో లోతు నీటిని తీసే సాధనం లేదు. అందుకని పెద్ద సీసాలో చిన్న సీసాను నిలిపి, దాని అడుగుదాకా ఒక గొట్టం దించి, గాలి పోవడానికి పెద్ద సీసా మూతకు వేరొక గొట్టం అమర్చి, బరువు కట్టి, బిరడాను తాడుతో లాగేలా ఒకటి తయారు చేసుకున్నాము. చిన్న సీసా నిండి పొర్లుతూ ఉంటే మొదట గాలి తగిలిన నీరు బయటికి పోతుంది. ఎండాకాలపు చివరలో ఏడు మీటర్ల లోతు నుంచి తీసిన నమూనాలో ద్రావణాలు వేస్తే గోధుమరంగు రావలసిన చోట పాలవిరుగుడు లాంటి తెల్లని మడ్డి కట్టింది. ఆక్సిజన్ లేదనడానికి అదే గుర్తు, సిరంజి ముట్టుకోనక్కరలేదు. పైన వేడెక్కిన తేలిక నీరు, కింద చల్లని బరువైన నీరు పొరలు కట్టి కలవనప్పుడు, పైనుంచి రాలిన నాచు కుళ్లుతూ అడుగున ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. చల్లని నీరు కావలసిన చేపకు పైన వేడి, కింద ఊపిరాడని చీకటి. మధ్యలో మిగిలిన పలుచని పొరే దాని ఇల్లు.

ఫాస్ఫేట్ మాత్రలను మాత్రం నేను మెచ్చుకోలేను. అవి పట్టుకోవలసింది నాచును పెంచే ఫాస్ఫరస్‌ను. కెనడాలోని ప్రయోగ సరస్సుల ప్రాంతంలో 1973లో 226వ సరస్సును తెరతో రెండుగా విభజించి, రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ వేసి, ఒక వైపు మాత్రమే ఫాస్ఫరస్ కలిపితే ఆ వైపే పచ్చని నాచు కమ్మింది. సరస్సు పచ్చబడటానికి లీటరుకు 0.03 మిల్లీగ్రాముల చుట్టుపక్కల మొత్తం ఫాస్ఫరస్ ఉంటే చాలు. ఈ పెట్టెలోని రంగుల పట్టికలో సున్నా తరువాతి మెట్టు 1 మిల్లీగ్రాము! పాడైపోతున్న సరస్సుకు కూడా ఇది "సున్నా" అనే చెబుతుంది. పైగా అడుగున ఆక్సిజన్ పోయినప్పుడు బురదలో ఇనుముతో కట్టుబడి ఉన్న ఫాస్ఫరస్ విడిపోయి తిరిగి నీటిలోకి వస్తుంది. ఫాస్ఫరస్‌ను మోసుకొచ్చే మురుగును ఆపినా సరస్సు వెంటనే కోలుకోకపోవడానికి ఇదొక కారణం. దాన్ని పట్టుకోవలసిన పరీక్షే పెట్టెలో అన్నిటికన్నా బలహీనమైనది.

సెక్కీ పళ్లెం నాణ్యంగా ఉంది. ఇటలీకి చెందిన మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో సముద్రంలో దించి చూసిన పళ్లెం తెల్లనిది. సరస్సులకు వాడే ఈ నలుపు తెలుపు పళ్లెం 20 సెంటీమీటర్ల వెడల్పుతో సరిగ్గానే చేశారు. తాడే దగా చేసింది: తడిసి సాగాక రెండు మీటర్ల గుర్తు నిజానికి 2.13 మీటర్ల దగ్గర తేలింది. సాగని తాడు కట్టుకుని గుర్తులు మళ్లీ వేసుకున్నాము. పళ్లేనికి నడిమధ్యాహ్నం కావాలి, ఆక్సిజన్‌కు వేకువ కావాలి. కరపత్రం రెండింటినీ ఒకే ప్రయాణంలో ముగించమంటుంది.

క్షార ద్రావణంలో అజైడ్ ఉంటుంది, అది విషం. పరీక్ష పూర్తయ్యాక మిగిలిన నీటిని పోయడానికి పెట్టెలో ఒక సీసా అయినా ఇవ్వలేదు. సరస్సును కాపాడటానికి వెళ్లినవారు ఆ నీటిని సరస్సులోనే పారబోయరాదన్న మాట సన్నని అక్షరాలలో ఎక్కడో ఉంది.

నదికి ఈ పెట్టె అంతగా పనికిరాదు. రాళ్ల మీద దూకే నీటిలో ఆక్సిజన్ సాధారణంగా బాగానే ఉంటుంది, రాత్రి వదిలిన వ్యర్థాలు తెల్లారేసరికి దాటిపోతాయి. నెలల తరబడి అక్కడే బతికే, మురికి నీటిని ఓర్చుకోలేని మేఫ్లై, స్టోన్‌ఫ్లై అనే కీటకాల పిల్లపురుగులు రాళ్ల కింద ఉన్నాయో లేవో చూడటం అక్కడ మేలు.

మా ద్రావణాలు అయిపోవచ్చాయి. ఈసారి పెట్టె మొత్తాన్ని కాక ఆక్సిజన్ ద్రావణాలను, అదనంగా రెండు సిరంజిలను మాత్రమే తెప్పించుకుంటున్నాము. ఫాస్ఫరస్ కోసం నీటిని ప్రయోగశాలకు పంపుతున్నాము. చేపపిల్లలను వదిలే నిర్ణయాన్ని వచ్చే ఎండాకాలపు వేకువ అంకెలు వచ్చేవరకు వాయిదా వేశాము.