నడుంనొప్పికి మందులా, చేతి చికిత్సా?

నెలల తరబడి నడుంనొప్పి వదలకపోతే మందులు, ఫిజియోథెరపీతో మామూలు వైద్యం ఒక దారి. ఆస్టియోపతీ ఇంకో దారి: డాక్టరు చేతులతోనే కండరాలను సాగదీసి, కీళ్లను మెల్లగా కదిలిస్తారు.

1999లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం ఈ రెంటినీ నేరుగా పోల్చింది. 12 వారాలకు రెండు వర్గాల్లోనూ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. కానీ చేతి చికిత్స తీసుకున్నవాళ్లు మందులు తక్కువ వాడారు. నొప్పి మాత్రలు పడని అల్సర్, కిడ్నీ రోగులకు ఇది చాలా పెద్ద విషయం.

మరి ఆ గుణం చికిత్సదా, చెయ్యి వేసి ఓపిగ్గా చూసుకోవడానిదా? 2013లో 455 మందిపై అమెరికాలో జరిగిన ట్రయల్‌లో నొప్పి కనీసం 30 శాతం తగ్గినవాళ్లు అసలు చికిత్సలో 63 శాతం, ఉత్తుత్తి చికిత్సలో (పోలిక కోసం పైపైన చేసినట్టు నటించినదానిలో) 46 శాతం. 2021లో 400 మందితో వచ్చిన ఫ్రెంచ్ ట్రయల్‌లో మాత్రం రోజువారీ పనుల్లో తేడా స్వల్పమే, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

నా మటుకు నేను, మాత్రలు పడనివాళ్లకు చేతి చికిత్సే ముందు చెబుతాను. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం అదుపు తప్పినా రెండూ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.