ఐర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ఎన్నిక: వేసిన ఓటు ఎంత దూరం పోతుంది?

2024 జూన్ 7న ఐర్లాండ్‌లో జరిగిన స్థానిక ఎన్నికల్లో నేను రెండోసారి ఓటు వేశాను. 2019 మే 24న మొదటిసారి వేసినప్పుడు పేర్ల పక్కన అంకెలు వేసి ఇంటికి వచ్చేశానే తప్ప, ఆ కాగితం తరువాత ఎవరి కట్టలోకి చేరిందో తెలుసుకునే ప్రయత్నమే చేయలేదు. ఈసారి మాత్రం ఒక స్వతంత్ర అభ్యర్థి తరఫు ఏజెంటుగా లెక్కింపు కేంద్రంలో నిలబడి, పెట్టెల సీలు తీసినప్పటి నుంచి మా ప్రాంతంలో చివరి సీటు తేలేదాకా చూశాను. ఎన్నిక కూడా ప్రభుత్వం ప్రజలకు అందించే సేవే కాబట్టి, దాన్ని వాడుకున్న మనిషిగా నాకు ఏది నచ్చిందో, ఏది మారాలనిపించిందో ఇక్కడ స్థిరపడిన తెలుగువారి కోసం రాస్తున్నాను.

మనలో చాలామందికి తెలియని సంగతి ముందుగా చెప్పాలి. ఐర్లాండ్‌లో స్థానిక ఎన్నికల్లో ఓటు వేయడానికి ఐరిష్ పౌరసత్వం అక్కరలేదు. 18 ఏళ్లు నిండి, ఇక్కడ నివాసం ఉంటే చాలు, భారత పాస్‌పోర్టుతో ఉన్నవారూ ఓటు వేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు. పార్లమెంటు ఎన్నికలకు, యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. జూన్ 7న ఆ రెండోదీ స్థానిక ఎన్నికలతో పాటే జరగడంతో, పౌరసత్వం వచ్చిన మా ఆవిడకు రెండు బ్యాలెట్ కాగితాలు ఇచ్చారు, నాకు ఒక్కటే ఇచ్చారు. నైజీరియా నుంచి శరణార్థిగా వచ్చిన రొటిమి అడెబారి 2004లో పోర్ట్‌లీష్ పట్టణ కౌన్సిల్‌కు ఎన్నికై 2007లో మేయర్ అయ్యారంటే, ఆ తలుపు ఎంతగా తెరిచి ఉందో అర్థమవుతుంది. అయినా నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో సగానికి పైగా పేరే నమోదు చేసుకోలేదు. పీపీఎస్ నంబరు (ప్రభుత్వ సేవలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ (ఇంటి చిరునామా కోడ్) ఉంటే ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో అయిపోయే పని అది.

పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు జరుగుతుంది. ఆఫీసుకు సెలవు పెట్టనక్కరలేదు. మా బూత్ ఒక ప్రాథమిక పాఠశాల హాలు. గోడల మీద పిల్లలు గీసిన బొమ్మలు, మూలన పేర్చిన చిన్న కుర్చీలు, రెండు బల్లలు, నల్లటి పెట్టెలు, చెక్క అరల్లో దారంతో కట్టి ఉంచిన పెన్సిళ్లు, అంతే. పోలీసు బలగాలు, వేలికి సిరా వంటివి లేవు. గుమాస్తా రిజిస్టరులో మా ఇంటి నంబరు వెతికి, నా పేరు పైకి చదివి, దాని మీద గీత గీసి, కాగితం మీద అధికార ముద్ర గుచ్చి చేతికిచ్చింది. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్న తికమక మన పేర్లకు ఎప్పుడూ ఉండేదే. ఇక్కడ ఓటర్లను వీధి, ఇల్లు వరసలో వెతుకుతారు కాబట్టి నాకు ఆ ఇబ్బంది ఎదురు కాలేదు.

ఇక బ్యాలెట్ కాగితం. తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవారికి ఇది కొత్త కాదు. 2021 మార్చిలో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేస్తే దినపత్రిక అంత బ్యాలెట్ వేసి, మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం, ఎలిమినేషన్ అంటూ రోజుల తరబడి లెక్కపెట్టిన సంగతి మనకు గుర్తే. ఐర్లాండ్ పద్ధతి దానికి అన్న వంటిది. తేడా ఏమిటంటే ఎమ్మెల్సీ ఎన్నికలో ఒక్కరే గెలుస్తారు, ఇక్కడ ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు మొదలు ఏడుగురి దాకా గెలుస్తారు. దేశం మొత్తం మీద 31 స్థానిక సంస్థలు, వాటిలో 166 నియోజకవర్గాలు, 949 సీట్లు ఉన్నాయి. మాది ఐదు సీట్ల ప్రాంతం. కాగితం మీద అభ్యర్థుల పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో, ఫొటోతో, పార్టీ గుర్తుతో ఉంటాయి. మనకు ఇష్టమైనవారి పక్కన 1, ఆ తరువాతివారికి 2, అలా ఎంతమందికి కావాలంటే అంతమందికి అంకెలు వేసుకుంటూ పోవచ్చు. 1 ఒక్కటే వేసి ఆపినా ఓటు చెల్లుతుంది.

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది: ఆ 2, 3, 4 అంకెలు ఎప్పుడు పనికి వస్తాయి? లెక్కింపు కేంద్రంలో నిలబడితే తప్ప అది నాకు పూర్తిగా అర్థం కాలేదు. ముందు చెల్లుబాటైన ఓట్లను సీట్ల కంటే ఒకటి ఎక్కువైన సంఖ్యతో భాగించి, దానికి ఒకటి కలుపుతారు. అదే కోటా. ఉదాహరణకు ఐదు సీట్లకు 12,000 ఓట్లు పోలయ్యాయనుకుందాం. 12,000ను 6తో భాగిస్తే 2,000, ఒకటి కలిపితే కోటా 2,001. ఒక అభ్యర్థికి మొదటి లెక్కింపులోనే 2,401 వచ్చాయంటే ఆమె గెలిచినట్టే, ఇంకా 400 ఓట్లు మిగులు. ఆ మిగులును వృథా పోనివ్వరు. ఆమె 2,401 కాగితాలనూ మళ్లీ తిరగేసి, రెండో ప్రాధాన్యం ఎవరికి ఉందో చూసి వేరు చేస్తారు. వాటిలో 401 కాగితాలపై రెండో అంకె లేదనుకుంటే, బదిలీకి వీలైనవి 2,000, అంటే ప్రతి ఐదు కాగితాలకు ఒకటి కదులుతుంది. రెండో ప్రాధాన్యంగా 1,000 మంది ఎంచుకున్న అభ్యర్థికి 200, 600 మంది ఎంచుకున్నవారికి 120, మిగతా 400 ఉన్నవారికి 80 చేరతాయి. పంచడానికి మిగులు లేనప్పుడు అందరికంటే అట్టడుగున ఉన్నవారిని తొలగించి, వారి కాగితాలన్నీ తరువాతి అంకె ప్రకారం మిగతావారికి పంచుతారు. ఐదు సీట్లూ నిండేదాకా ఇదే వరస. చివరికి మిగిలిన సీట్లకు సరిపడా అభ్యర్థులే మిగిలితే, కోటా అందుకోకపోయినా వారు గెలిచినట్టు ప్రకటిస్తారు.

నేను మొదటి ఓటు వేసిన స్వతంత్ర అభ్యర్థి నాలుగో లెక్కింపులో తప్పుకున్నారు. మన మున్సిపల్ వార్డుల్లో అయితే నా ఓటు కథ అక్కడితో ముగిసేది. ఇక్కడ ఆయన కట్టను విప్పి, ఒక్కో కాగితాన్నీ తరువాతి పేరు కోసం చూస్తూ గూళ్లలోకి సర్దుతుంటే, నా కాగితం కూడా వాటిలో ఏదో ఒకటై నా రెండో ప్రాధాన్యం ఉన్న గూటిలోకి పోయి ఉంటుందని నాకు తెలుసు. నా రెండో ప్రాధాన్యం అందుకున్న ఆ అభ్యర్థి చివరి సీటు గెలిచారు. గెలవరని తెలిసినా మనసుకు నచ్చినవారికి మొదటి ఓటు వేసి, గెలిచే అవకాశం ఉన్నవారికి రెండోది వేయడానికి ఈ పద్ధతి ధైర్యం ఇస్తుంది. ఓటు చీలిపోతుందన్న భయంతో ఇష్టం లేనివారికి వేయాల్సిన అగత్యం లేదు. ఇంటింటి ప్రచారంలోనూ దీని ప్రభావం కనిపించింది. మా గుమ్మం ఎక్కిన ఒక అభ్యర్థి, నా మొదటి ఓటు వేరేవారికని చెప్పగానే ముఖం చిట్లించకుండా, "అయితే రెండోది నాకు వేయండి" అని నవ్వుతూ అడిగి వెళ్లాడు. అవతలివారి మద్దతుదారులను తిడితే వాళ్ల రెండో ఓటు పోతుందని అందరికీ తెలుసు.

లెక్కింపు జరిగే తీరు ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. పెట్టెలోని కాగితాలను బల్ల మీద బోర్లించి, సిబ్బంది ఒక్కొక్కటీ ముఖం పైకి ఉండేలా విప్పుతారు. బల్లకు ఇవతల అడ్డుకంచె మీద వంగి నిలబడ్డ వివిధ పార్టీల మనుషులు చేతిలో అట్టలు, పెన్నులు పట్టుకుని ప్రతి మొదటి ప్రాధాన్యానికీ ఒక గీత గీస్తూ పోతారు. దీన్ని టాలీ అంటారు. ప్రత్యర్థి పార్టీల వాళ్లే పెట్టెలు పంచుకుని, తరువాత లెక్కలు ఒకచోట కలుపుకుంటారు. అధికారికంగా ఒక్క అంకె ప్రకటించకముందే ఏ వీధిలో ఎవరికి ఎన్ని వచ్చాయో వాళ్ల దగ్గర ఉంటుంది. నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన నా గీతలు తప్పుతున్నాయని గమనించి, నాలుగు నిలువు గీతలు గీసి ఐదోది అడ్డంగా గీసే పద్ధతి చూపించారు. సందేహాస్పదమైన కాగితాలను రిటర్నింగ్ అధికారి అందరి ముందూ పైకెత్తి చూపి, చెల్లుతుందో లేదో చెప్పి, ఎందుకో వివరించారు. ఇదంతా యంత్రాలతో చేయాలని ఇక్కడా ఒకప్పుడు ప్రయత్నించారు. 2002 పార్లమెంటు ఎన్నికల్లో మూడు నియోజకవర్గాల్లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ పెట్టి, మొత్తం మీద 5 కోట్ల యూరోలకు పైగా ఖర్చు చేశాక, భద్రతపై అనుమానాలు రావడంతో పక్కన పెట్టి, 2012లో ఆ యంత్రాలను దాదాపు 70,000 యూరోలకు తుక్కుగా అమ్మేశారు. ఆ డబ్బు పోయినందుకు బాధ ఉన్నా, పెన్సిలూ కాగితమూ మిగిలినందుకు నేను సంతోషిస్తాను.

ఈ పద్ధతి ఐర్లాండ్‌కు మొదట వచ్చింది స్థానిక ఎన్నికల ద్వారానే. 1919 జనవరిలో అప్పుల్లో కూరుకుపోయిన స్లైగో పట్టణ కార్పొరేషన్‌కు దీన్ని వాడి చూశారు, 1920లో దేశమంతటా స్థానిక సంస్థలకు వర్తింపజేశారు. పార్లమెంటు ఎన్నికలకు దీన్ని రద్దు చేద్దామని 1959లోనూ 1968లోనూ ప్రభుత్వం ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, రెండుసార్లూ ప్రజలు వద్దన్నారు.

లోపాలు లేవని చెప్పను. మొదటిది మిగులు పంపిణీలో ఉంది. పై ఉదాహరణలో 1,000 కాగితాల్లోంచి కదిలే 200 ఏవన్నది కట్ట పైభాగాన ఏవి ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ 200లో ఉన్న మూడో ప్రాధాన్యాలు, కింద మిగిలిన 800లోని మూడో ప్రాధాన్యాలు ఒకేలా ఉండాలని లేదు. పదుల ఓట్ల తేడాతో సీటు తేలే చోట ఇది చిన్న విషయం కాదు. ఇదే దేశంలో పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో ఎక్కువ స్థానాల ఎన్నికకు కాగితాలన్నిటినీ భిన్నాల విలువతో బదిలీ చేసే పద్ధతి ఉండగా, కౌన్సిళ్లకు మాత్రం యాదృచ్ఛికతను వదిలేయడం నాకు సమంజసంగా తోచలేదు.

రెండోది ఓటరు చేసే పొరపాటు. ఒకే రోజు రెండు కాగితాలు చేతికి ఇచ్చినప్పుడు, కొందరు మొదటి కాగితంలో 1, 2, 3 వేసి రెండోదానిలో 4 నుంచి కొనసాగిస్తారు. అలాంటి ఓట్ల మీదే 2014లో కెర్రీ కౌంటీలోని లిస్టోవెల్‌లో గొడవ వచ్చింది. రెండు ఓట్ల తేడాతో ఓడిన డాన్ కైలీ సుప్రీం కోర్టు దాకా వెళ్లారు, 1 లేకుండా మొదలైన వరసను మొదటి ప్రాధాన్యంగా లెక్కించడం తప్పని 2015లో కోర్టు తేల్చింది. ప్రతి కాగితం మీదా వరస 1తోనే మొదలు కావాలని మీ ఇంట్లో పౌరసత్వం ఉన్నవారికి తప్పక చెప్పండి.

అక్షరక్రమంలో పైన ఉన్న ఇంటిపేర్లకు లాభం ఉంటుందన్న ఫిర్యాదు కూడా చాలాకాలంగా ఉన్నదే. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఖాళీలు నింపే తీరు. కౌన్సిలర్ తప్పుకుంటే ఉప ఎన్నిక జరగదు. సాధారణంగా అదే పార్టీ సూచించిన వ్యక్తిని కౌన్సిల్ చేర్చుకుంటుంది. పార్లమెంటు సభ్యులు కౌన్సిల్‌లో కొనసాగకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, 2024 నవంబరు 29 పార్లమెంటు ఎన్నికల్లో గెలిచిన కౌన్సిలర్లు ఆరు నెలలు తిరగకుండానే సీట్లు ఖాళీ చేశారు. అన్ని లెక్కింపుల్లో ఒక్కో కాగితాన్నీ అంత జాగ్రత్తగా తూచి ఎన్నుకున్న స్థానంలో, ఒక్క ఓటూ పడని మనిషి వచ్చి కూర్చోవడం ఆ శ్రమకు తగినట్టు లేదు.

ఎన్నికైనవారి అధికారాలు కూడా పరిమితమే. బడ్జెట్, అభివృద్ధి ప్రణాళిక, ఆస్తి పన్ను రేటును కొంతమేర పెంచడం, తగ్గించడం వారి చేతిలో ఉంటాయి. ఒక్కో ఇంటికి ప్లానింగ్ అనుమతి ఇవ్వడం, ఇళ్ల కేటాయింపు, సిబ్బంది వ్యవహారాలు కౌన్సిల్ పాలన నడిపే అధికారి అయిన చీఫ్ ఎగ్జిక్యూటివ్ పరిధిలోనివి. బడులు, పోలీసులు కౌన్సిల్ కిందికి రారు. ఓటర్లలో దాదాపు సగం మందే పోలింగుకు రావడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఫలితాలు చూస్తే, ఫియానా ఫాల్‌కు 248, ఫైన్ గేల్‌కు 245, షిన్ ఫేన్‌కు 102 సీట్లు వచ్చాయి. మొదటి రెండు పార్టీలకూ చెరో 23 శాతం వరకు మొదటి ప్రాధాన్య ఓట్లు పడగా, కలిపి 949లో 493 సీట్లు దక్కాయి. అంటే పెద్ద పార్టీలకు కొంత అదనపు లాభం ఇక్కడా ఉంది, అయినా 354 సీట్లు ఈ మూడు పార్టీలకు బయట, స్వతంత్రులకూ చిన్న పార్టీలకూ చేరాయి. మన కార్పొరేషన్ ఎన్నికలు చూసిన కంటికి ఆ అంకె పెద్దదే.

రాజ్యాంగం ప్రకారం ఐదేళ్లకొకసారి జరగాల్సిన ఈ ఎన్నికలు మళ్లీ 2029లో వస్తాయి. 2024లో నమోదుకు ఆఖరి తేదీ మే 20, అంటే పోలింగుకు పద్దెనిమిది రోజుల ముందే గడువు ముగిసింది. ఇల్లు మారినవారు కొత్త ఎయిర్‌కోడ్‌తో వివరాలు ఇప్పుడే సరిచేసుకోండి.