విడాకుల తర్వాత పిల్లాడు ఎక్కడుండాలి: శని, ఆదివారాలా, వారం వారమా?

విడాకుల డిక్రీ చేతికొచ్చి ఏడాది దాటింది. అప్పట్నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు: "బాబు ఒకరి దగ్గరే ఉండి ఇంకొకరు శని, ఆదివారాలు తీసుకెళ్ళడం మేలా? ఒక వారం అమ్మ దగ్గర, ఒక వారం నాన్న దగ్గర ఉంచడం మేలా?" మేం రెండూ చేసి చూశాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

చట్టం సంగతి మీ లాయర్లు చెప్పే ఉంటారు. 1956 నాటి హిందూ మైనారిటీ (అంటే మైనర్ వయసు), గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉంటారు. ఏ వయసులోనైనా అన్నిటికంటే ముందు చూసేది పిల్లల బాగు. ఊహ తెలిసిన పిల్లలైతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జడ్జి వాళ్ళ ఇష్టం కూడా కనుక్కోవచ్చు. జాయింట్ కస్టడీకి, అంటే పిల్లల్ని ఇద్దరూ కలిసి చూసుకునే పద్ధతికి, చట్టంలో చోటివ్వమని చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో చెప్పింది. చట్టం సంగతెలా ఉన్నా, ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే ఫ్యామిలీ కోర్టు దాన్నే ఆర్డర్‌లో పెట్టగలదు. పరస్పర అంగీకార విడాకుల్లో ఆరు నెలలు ఆగాల్సిన గడువు మినహాయించమని అడిగినా, పిల్లల విషయం తేల్చుకున్నారా లేదా అని చూస్తారు. 2017లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపుకి దారి ఇచ్చినప్పుడు పెట్టిన షరతుల్లో అదొకటి. కాబట్టి భరణం లెక్కలతో పాటే పిల్లల లెక్కా కూర్చుని మాట్లాడుకోండి.

మాకు మొదట శని, ఆదివారాల పద్ధతే. హైదరాబాద్‌లో ఈ చివర నిజాంపేటలో వాళ్ళమ్మ దగ్గర బాబు, ఆ చివర దిల్‌సుఖ్‌నగర్‌లో నేను. పిల్లాడికి ఒకటే మంచం, ఒకటే స్కూల్ బస్సు, సాయంత్రం ఆడుకోవడానికి అదే కింద పార్కింగ్. చదువు ఏమాత్రం దెబ్బతినలేదు. ఇది చిన్న లాభం కాదు. కానీ నేను ఆదివారం నాన్ననైపోయాను. సినిమా, ఐస్‌క్రీమ్, పార్కు, మళ్ళీ దింపేయడం. ఒక మంగళవారం వాడి ముందు పన్ను ఊడింది. నాకు శనివారం వాడు నోరు తెరిచి నవ్వినప్పుడు తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పిల్లలు దగ్గర లేని తల్లి గానీ తండ్రి గానీ రోజూ ఐదు, పది నిమిషాలు ఫోన్లో మాట్లాడే వీలుండాలని చెప్పింది. మీరు ఈ పద్ధతికే వెళ్ళేటట్టయితే ఆ ఫోన్ టైమ్‌ని కూడా కాగితంలో రాయించుకోండి. మేం రాయించుకోలేదు.

తర్వాత ఇద్దరం మాట్లాడుకుని వారం వారం మొదలుపెట్టాం. నాలుగు నెలలు నడిచింది. నా వారంలో వాణ్ణి పొద్దున్నే లేపి, స్నానం చేయించి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కించేవాణ్ణి. మలక్‌పేట దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేవాడు. కేపీహెచ్‌బీలో దిగి ఆటో పట్టుకోవాలి. మెట్రోలో తిననివ్వరు కాబట్టి స్కూల్ గేటు పక్కన నిలబడి డబ్బాలో ఇడ్లీలు గబగబా మింగేవాడు. బుధవారం పీటీకి తెల్లబూట్లు కావాలి, అవి వాళ్ళమ్మ ఇంట్లో ఉండిపోయేవి. నల్లబూట్లతో వెళ్ళి రెండుసార్లు లైన్లోంచి బయట నిలబడ్డాడు. నాకు చెప్పలేదు. వాళ్ళమ్మకి చెప్పాడు. ఆవిడ నన్ను నిందించకుండా ఒకే మాట అడిగింది: "వాడు ఎన్నింటికి లేస్తున్నాడు?"

అప్పుడర్థమైంది. అన్నాళ్ళూ ఎవరికెన్ని రోజులని కొట్టుకున్నాం, లెక్కేయాల్సింది కిలోమీటర్లని. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైనే 29 కిలోమీటర్లు. ఈ ఊళ్ళో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండి వారం వారం పద్ధతి పెడితే, ఆ దూరమంతా మోసేది తొమ్మిదేళ్ళ పిల్లాడు. లాయర్లు రోజుల గురించే మాట్లాడతారు, దూరం గురించి మమ్మల్ని ఒక్కరూ అడగలేదు.

నా లెక్క ఇది. రెండిళ్ళ నుంచీ స్కూల్‌కి పొద్దుటి ట్రాఫిక్‌లో అరగంటలోపు చేరగలిగితే వారం వారమే మేలు. అది కుదరకపోతే స్కూల్ రోజులు ఒకచోటే ఉంచి, శని, ఆదివారాలు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు పంచుకోండి. నేను మాత్రం ఇల్లు మారాను. నిజాంపేట రోడ్డులోనే రెండు గదుల పోర్షన్ తీసుకున్నా. అద్దె పెరిగింది. మలక్‌పేటలో ఆఫీసుకి రానూపోనూ దూరం నా మీద పడింది, అది పడాల్సిందీ నా మీదే. ఇల్లు మారే స్తోమత ఉన్నవాళ్ళకి నేను ఇదే చెబుతాను.

కొట్టడం, తాగొచ్చి గొడవ చేయడం ఉన్న ఇళ్ళకి ఇదేదీ వర్తించదు. అక్కడ కోర్టునడిగి, ఎవరైనా దగ్గరుండగానే పిల్లల్ని చూపించేలా ఆర్డర్ తెచ్చుకోవాలి.

అమ్మమ్మ దగ్గర ఉంచడం, హాస్టల్లో వేయడం గురించి కూడా అడుగుతుంటారు. తల్లిదండ్రులిద్దరూ ఊళ్ళోనే ఉండగా వాటి అవసరం నాకు కనిపించదు. పిల్లాడు ఒకే ఇంట్లో ఉండి అమ్మానాన్నలే వంతులవారీగా వచ్చిపోవడమంటే మూడిళ్ళ అద్దె కట్టాలి, అది ఎంతమందికి సాధ్యం?

ఇప్పుడు మా మార్పిడి సోమవారాలు స్కూల్లోనే. పొద్దున ఒకరు దింపుతారు, సాయంత్రం ఇంకొకరు తెచ్చుకుంటారు. ఒకరి గుమ్మం ముందు ఇంకొకరు నిలబడి, వాడి ఎదుట ముఖాలు మాడ్చుకునే పనే లేదు. తెల్లబూట్లు రెండు జతలు కొన్నాం, ఇంటికొకటి. వచ్చే జూన్‌లో స్కూల్ మారాల్సి రావచ్చు. అప్పుడు రెండిళ్ళలో ఏది కదలాలో మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాట కూడా ఒప్పందంలో రాసుకున్నాం.