లాసన్స్ బేలో ఆరేళ్లు నెట్టుకొచ్చిన నా డెస్క్‌టాప్

2020 ఫిబ్రవరిలో కట్టించుకున్న సిస్టమ్ ఇది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. అరవై వేల లోపు బడ్జెట్ చెబితే అప్పట్లో ఏ షాపువాడైనా కళ్లు మూసుకుని రాసిచ్చే లిస్టే. దాని గురించి కొత్తగా చెప్పడానికేం లేదు. నా బాధంతా ఆ లిస్టులో చిట్టచివరి లైను గురించి. అన్నీ కొన్నాక మిగిలిన మూడున్నర వేలతో తీసుకున్న క్యాబినెట్ గురించి, అంటే ఇవన్నీ బిగించే డబ్బా గురించి.

ముందువైపు మొత్తం మెష్, అంటే గాలి దూరే జాలీ. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి. వీడియోల్లో చూసినవాళ్లంతా "గాలి బాగా ఆడాలి, మెష్ తప్ప ఇంకోటి కొనకండి" అంటుంటే నేనూ నమ్మాను. నమ్మడమే కాదు, ప్రచారం కూడా చేశాను. మే నెలలో ఏసీ లేని గదిలో ఆటలాడినా ప్రాసెసర్ 75 డిగ్రీలు దాటడం అరుదు. కొన్న నెలకే లాక్‌డౌన్ పడింది. ఆఫీసు పని పగలు, ఆటలు రాత్రి, రోజుకి పద్నాలుగు గంటలు నడిచినా కిక్కురుమనలేదు. నా మాట మీద, సముద్రానికి దూరంగా పెందుర్తిలో ఉండే మా బావమరిది అదే క్యాబినెట్ కొన్నాడు. ఇంకో ఫ్రెండూ కొన్నాడు. ఆ రోజుల్లో నన్నడిగితే ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఎన్ని ఇవ్వాలో తెలియదు. నా ఇల్లు ఎక్కడుందో కూడా చెప్పకుండా స్టార్లు ఇస్తే అది మోసమే అవుతుంది.

మాది విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీ, మూడో అంతస్తు. తూర్పు కిటికీ తీస్తే సముద్రం కనిపిస్తుంది. మధ్యాహ్నమయ్యేసరికి అటునుంచి గాలి మొదలవుతుంది. ఆ గాలి కోసమే అద్దె ఎక్కువైనా ఈ ఇల్లు తీసుకున్నాం. ఆ గాలికే మా గేటు గొళ్లెం రెండేళ్లకోసారి మార్చాలి, బండి సైలెన్సర్‌కి చిల్లులు పడతాయి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు చేత్తో ముట్టుకుంటే పొడైపోతాయి. ఇవన్నీ తెలిసిన మనిషిని, కంప్యూటర్‌ని తీసుకెళ్లి ఆ కిటికీ కిందే పెట్టాను. అది ఇనుము కాదన్నట్టు.

2022లో జులై, ఆగస్టు రెండు నెలలూ ఆఫీసు పని మీద బెంగళూరులో ఉండాల్సి వచ్చింది. సెప్టెంబరులో తిరిగొచ్చి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్". కేబుల్ మార్చాను. మానిటర్ మార్చాను. గ్రాఫిక్స్ కార్డు పోయిందేమో చూద్దామంటే ఈ 3600లో సొంత గ్రాఫిక్స్ లేవు. కార్డు పీకేస్తే డిస్‌ప్లే వచ్చే దారే లేదు. తప్పు కార్డుదా ఇంకోదానిదా తేల్చుకోవాలంటే ఇంకో కార్డుండాలి. ఇంకో కార్డు ఎవరింట్లో ఉంటుంది? ఆ ప్రాసెసర్‌ని అంతకు ముందు చాలా పొగిడాను. పొగడ్త వెనక్కి తీసుకోను గానీ, ఆ రోజు మాత్రం గ్రాఫిక్స్ ఉన్న రకం కొనుంటే బాగుండేదనిపించింది.

ఆటోలో సీపీయూని ఒళ్లో పెట్టుకుని ద్వారకానగర్ వెళ్లాను. షాపులో కుర్రాడు పక్క రేకు కూడా విప్పకుండానే "కార్డు పోయింది సార్, కొత్తది చూపించమంటారా" అన్నాడు. ఈ కార్డులతో క్రిప్టో నాణేలు పుట్టించే మైనింగ్ గోల వల్ల పెరిగిన రేట్లు అప్పటికి ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు. వాటిలో పెద్దదైన ఇతీరియం అనే నాణెం మైనింగ్ ఆగిపోయింది సరిగ్గా ఆ నెల్లోనే. కొద్దిగా ఆగుదామని బయటికొచ్చేశాను.

డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మెట్ల కింద మానిటర్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడని ఎవరో చెబితే అక్కడికి మోసుకెళ్లాను. ఆయన రేకు విప్పి, టార్చి వేసి, స్క్రూ తలలు చూసి ఒకే ప్రశ్న అడిగాడు.

"ఇల్లు బీచ్ వైపా అండీ?"

"లాసన్స్ బే."

"అదేటండీ మరి, ఊరంత నోరు తెరిచిన డబ్బా పెట్టుకున్నారు!"

కార్డు బిగించే పట్టీ నిండా తుప్పు. ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకుల మధ్య సున్నంలాంటి తెల్ల పొడి. ర్యామ్ తీసి చూపించాడు, బంగారు పూత కాళ్ల మీద పచ్చటి మరకలు. పిల్లల పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా తుడిచి, స్లాట్‌లో బ్రష్ ఆడించి పెట్టాడు. డిస్‌ప్లే వచ్చేసింది. కార్డుకేం కాలేదు. రెండు వందలు తీసుకున్నాడు. పాతిక వేలు ఖర్చనుకున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి, ఆయనకి టీ కూడా చెప్పాను.

టీ తాగుతూ ఆయన చెప్పిన మాటే నాకు ఈ ఆరేళ్లలో దొరికిన అసలు విషయం. "వాడితే పోదండి, వాడకపోతేనే పోద్ది" అన్నాడు. మొదట నాకు తిరకాసుగా అనిపించింది. తర్వాత చదివితే అర్థమైంది. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు పొడిగా ఉన్నంతసేపూ పెద్దగా ఏం చెయ్యదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు నీటిని పీల్చుకుని తడి పొరైపోతుంది. లోహాన్ని తినేది ఆ తడే. సిస్టమ్ నడుస్తుంటే లోపల వెచ్చగా ఉంటుంది, ఆ తడి నిలవదు. లాక్‌డౌన్‌లో రోజంతా నడిచినన్నాళ్లూ మెష్ గుండా ఉప్పు లోపలికి వస్తూనే ఉంది, నాకు తెలియలేదంతే. రెండు నెలలు ఆపేసి తాళమేసి పోయేసరికి, వానాకాలం తేమలో అదంతా నిదానంగా పని మొదలెట్టింది.

ఇక్కడ మా అమ్మ మాట ఒకటి ఒప్పుకోవాలి. కొన్న కొత్తలో రోజూ రాత్రి సీపీయూ మీద పాత టర్కీ టవలు కప్పేది. "గాలాడదమ్మా" అని నేను పీకి పారేసేవాణ్ణి. నడిచేటప్పుడు కప్పితే తప్పే. ఆపాక కప్పితే ఆవిడదే రైటు.

రబ్బరు వైద్యం మీద కూడా మరీ నమ్మకం పెట్టుకోకండి. ఆ బంగారు పూత మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు, రుద్దిన ప్రతిసారీ కొంత పోతుంది. నేను తర్వాత ఇంకోసారి రుద్దాను, మూడోసారి నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్‌తోనే సరిపెడుతున్నాను.

2023లో ప్రాసెసర్ మార్చాను. బోర్డులో ఉండే బయాస్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే అదే బీ450 బోర్డు మీద రైజెన్ 7 5700ఎక్స్ ఎక్కేసింది. బోర్డు, ర్యామ్ ఏదీ మార్చకుండా ఆరు కోర్లు ఎనిమిదయ్యాయి. ఈ ఒక్క విషయంలో పెట్టిన ప్రతి రూపాయీ గిట్టింది. అయితే ఆనందం ఆ సాయంత్రం దాకా నిలవలేదు. దానితో కూలర్ రాదు, వేరే కొనాలి, అది తెలిసే కొన్నాను. పాత కూలర్ విప్పబోతే నాలుగు స్క్రూల్లో ఒకటి తుప్పుతో పట్టేసింది. తల గుండ్రంగా అరిగిపోయింది. మళ్లీ డాబాగార్డెన్స్ పెద్దాయనే దిక్కు. ఈసారి ఐదు వందలు.

ఇప్పుడు ఎవరైనా లిస్టు అడిగితే నేను అడిగే మొదటి ప్రశ్న బడ్జెట్ కాదు, ఇల్లు ఎక్కడ అని. మా అక్క కూతురికి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు ముప్ఫై ఐదు వేలలో కట్టిచ్చాం. కార్డు జోలికి పోకుండా గ్రాఫిక్స్ ఉన్న 5600జీ ప్రాసెసర్ వేసి, అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ మాత్రం పేరున్న కంపెనీది, కరెంటు తక్కువ వృథా చేసే బ్రాంజ్ రేటింగు రకం పెట్టించాను. డబ్బులు తగ్గించాలంటే అందరూ ముందు కోసేది ఎస్‌ఎంపీఎస్‌నే, క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే దాంతో సరిపెట్టేస్తారు. అది పోతే ఒక్కోసారి పక్కవాటినీ తీసుకుపోతుంది. క్యాబినెట్ ముందువైపు మూసి ఉన్న మామూలు డబ్బా, అడుగున, పక్కన గుడ్డ ఫిల్టర్లు. వాళ్లది ఎంవీపీ కాలనీ, అదీ బీచ్ దగ్గరే. ఇప్పటికి మూడేళ్లు, రబ్బరు అవసరం రాలేదు. కాకపోతే ఆ పిల్ల ఆటలాడదు, లోపల వేడి పుట్టేదే తక్కువ. లక్ష పైన పెట్టి పెద్ద కార్డు వేసేవాళ్లకి ఆ డబ్బా ఊపిరాడనివ్వదు. వాళ్లకి మెష్ తప్పదేమో. అప్పుడు కిటికీ మార్చుకోవాలి, లేదా ఏసీ గదిలో పెట్టాలి.

పెందుర్తి బావమరిది క్యాబినెట్ మొన్న విప్పి చూశాను. అదే మోడలు, అదే వయసు. దుమ్ము తప్ప తుప్పు చుక్క లేదు. "నీదే తేడా బావా, డబ్బాది కాదు" అని నవ్వాడు. కాదనలేకపోయాను.

మొత్తం మార్చేద్దామా అని గత ఏడాది చివర్లో అనుకున్నాను. అప్పటికే మెమరీ అంతా ఏఐ సర్వర్లకి మళ్లి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్‌కి వెళ్లడమంటే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ కొత్తవి కావాలి. మానుకుని ముందు మెష్‌కి లోపలివైపు గుడ్డ ఫిల్టరు అతికించాను, సీపీయూని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకి జరిపాను. ప్రాసెసర్ ఐదారు డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోంది, ఫ్యాన్ల చప్పుడు పెరిగింది. ఊరెళ్తే విప్పదీసి సిలికా జెల్ సంచులు నాలుగు లోపల పడేస్తున్నాను. ఇంకో రెండేళ్లు లాగుతుందనే నా లెక్క.

ఇది కూడా దాని మీదే టైపు చేస్తున్నాను. సముద్రం వైపు కిటికీ మూసేసి, బనీను తడిసిపోతుండగా.