డల్లాస్‌లో నిద్రవేళ, కరీంనగర్‌లో తెల్లవారుజాము: స్టోరీవీవర్ తెలుగు కథలతో ఒక ఏడాది

నాలుగేళ్ల మా మనవడు మొన్నమొన్నటి దాకా నన్ను ‘టాట’ అని పిలిచేవాడు. డల్లాస్‌లో పుట్టి, పగలంతా ఇంగ్లీషే చెవిన పడే పిల్లవాడికి మన త, ద అక్షరాలు ఒక పట్టాన నోరు తిరగవు; ఇంగ్లీషు టీ అక్షరం మన ‘ట’కే దగ్గరగా ఉంటుంది కాబట్టి వాడి నాలుక అక్కడికే పోతుంది. దీనికి విరుగుడుగా మా అమ్మాయి మొదట డబ్బు కట్టి ఒక ఉచ్చారణ యాప్ తెచ్చింది. పిల్లవాడు పలికిన మాటను ఫోను విని, సరిగా ఉంటే నక్షత్రం ఇవ్వాలి. వాడు ‘టాట’ అన్నా నక్షత్రం ఇచ్చింది, పక్క గదిలో టీవీ మాట్లాడినా ఇచ్చింది. దాని పేరుతో ఇక్కడ పని లేదు; నెల తిరగకుండానే తీసేశాము.

ఆ తరువాత పట్టుకున్నది స్టోరీవీవర్. బెంగళూరు కేంద్రంగా 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ 2015లో తెరిచిన బాలల కథల వెబ్‌సైటు ఇది. తెలుగుతో పాటు ఎన్నో భాషల బొమ్మల కథలు అందులో ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద ఉన్నందువల్ల, రాసినవారి పేరూ బొమ్మలు వేసినవారి పేరూ చెబితే చాలు, ఆ కథలను అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా.

మేము వాడే పద్ధతి చాలా మామూలుది. ఎండాకాలంలో ఇక్కడ ఉదయం ఆరున్నర అయితే అక్కడ రాత్రి ఎనిమిది, అంటే వాడు పక్క ఎక్కే వేళ. వీడియో కాల్‌లో నా కంప్యూటరు తెరను వాడికి కనిపించేలా పెట్టి, పుస్తకం తెరిచి, ఒక్కో పేజీ చదువుతాను. పన్నెండు పేజీల కథకు ఇరవై నిమిషాలు పడుతుంది, ఎందుకంటే చదవడం కంటే అడగడమే ఎక్కువ: ఆ పిల్ల చేతిలో ఏముంది, కుక్క ఎందుకు దాక్కుంది, తరువాత ఏమవుతుంది?

నేను పేజీ తిప్పిన కొన్ని క్షణాలకు గానీ కొత్త బొమ్మ వాడికి కనిపించదు, నా మాట మాత్రం ముందే చేరిపోతుంది. మొదట్లో ఇది పెద్ద చికాకు. అందుకని ప్రతి పేజీకీ ‘బొమ్మ వచ్చిందా?’ అని అడగడం మొదలుపెట్టాను. పది రోజులకు ‘ఇంకా రాలేదు తాతా’ అన్నాడు. అవును, ‘త’తోనే అన్నాడు. ఎవరూ చెప్పి పలికించకుండా వాడి నోట వచ్చిన మొదటి పూర్తి తెలుగు వాక్యం అది. పొగడ్త కథకు చెందుతుందో, నెమ్మదిగా నడిచే ఇంటర్నెట్‌కు చెందుతుందో తేల్చలేకపోయాను.

ఒక కథలో చెరువులో గేదె బొమ్మ వచ్చింది. నేను రాసి ఉన్నట్టే గేదె అని చదివితే, వెనక నుంచి మా ఆవిడ ‘గేదె ఏందిరా బిడ్డా, అది బర్రె’ అని అడ్డం వచ్చింది. పిల్లవాడు కాసేపు ఆలోచించి, పుస్తకంలో ఉంటే గేదె, అమ్మమ్మ ఇంట్లో ఉంటే బర్రె అని తీర్పు చెప్పాడు. అప్పుడే ఈ వెబ్‌సైటులో నాకు అన్నిటికంటే నచ్చిన సదుపాయం వాడి చూశాను. అక్కడి బొమ్మల నిధి నుంచి ఆరు బొమ్మలు ఏరుకుని, మా ఆవిడ చెప్పిన మాటలను ఆమె యాసలోనే టైపు చేసి, ఒక చిన్న పుస్తకం తయారుచేశాను. ఒక మధ్యాహ్నం పట్టింది. మా మనవడు రోజూ అడిగేది ఇప్పుడు ఆ బర్రె కథనే.

అయితే తెరిచి పిల్లవాడి చేతికి ఇచ్చేసి వెళ్లిపోదగిన సరుకు కాదిది. అనువాదాలలో స్వచ్ఛందంగా చేసినవీ ఉంటాయి కాబట్టి తెలుగు అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండదు. పెద్దవాళ్లు ముందు రోజే ఒకసారి చదివి ఎంచుకోవాలి. కథలను నాలుగు స్థాయులుగా విడదీశారు, మొదటి స్థాయి అంటే రెండువందల యాభై మాటల లోపు. మాటల లెక్క ఇంగ్లీషుకు పనికొస్తుంది గానీ, ‘వెళ్లిపోయాడనుకున్నాను’ కూడా ఒక్క మాటగానే లెక్కకు వచ్చే భాషలో అది పూర్తి కొలత కాదు. పైగా వత్తులు మొదటి పేజీ నుంచే ఎదురవుతాయి. కాకపోతే అక్షరాల కంటే ముందే మనం నేర్పే ‘అమ్మ’లోనే వత్తు ఉంది కాబట్టి, నాలుగేళ్లవాడికి వినడం, చూడడం చాలు, చదివించనక్కరలేదు అనుకుని నేను ఆ సంగతి పట్టించుకోలేదు. వేలితో చూపిస్తూ చదివినందువల్ల ‘బ’ను మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతున్నాడు.

తెర ముందు గడిపే కాలం గురించి మా అమ్మాయికి బెంగ ఉండేది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని, తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మాది ఇరవై నిమిషాలు, అదీ మనిషితో మాట్లాడుతూ. కథ అయిపోగానే కాల్ ఆపేస్తాము, ఇంకొకటి అని ఏడ్చినా సరే.

నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, అప్పటి నుంచి మా బర్రె కథ ఏడున్నరకు.