కంచె మేలా, పొత్తు మేలా? సరిహద్దు మీద సీట్ల లెక్క

జూన్ వచ్చిందంటే మా వరండాలో కుర్చీలు చాలవు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన పాపానికి, వెబ్ ఆప్షన్లు పెట్టడంలో నాది మంచి చెయ్యి అని గుంటూరు బ్రాడీపేటలో ఎవరో పుకారు లేపారు. 2025 జూన్‌లో ఒకాయన తెలంగాణలోని మధిర నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్టడీ సర్టిఫికెట్లు. ఆరు నుంచి పది దాకా మధిర స్కూలు స్టాంపు, ఇంటర్ రెండేళ్లూ బెజవాడ హాస్టల్ కాలేజీ స్టాంపు. అన్నీ టేబుల్ మీద వరసగా పేర్చి, "మాస్టారూ, ఎంబీబీఎస్‌కి మా అమ్మాయి ఎక్కడ లోకల్?" అన్నాడు.

రెండుసార్లు లెక్కేశాను. ఎక్కడా కాదు.

తెలంగాణలో 2024లో వచ్చిన 33వ నంబరు జీవో ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ అక్కడే చదివుండాలి. అప్పటికి దానిమీద కేసు నడుస్తోంది. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు జీవో సరైనదేనని తేల్చింది. ఇక్కడ ఆంధ్రలో చూస్తే మనదీ నాలుగేళ్ల లెక్కే, ఈ పిల్లకి ఉన్నది రెండేళ్లే. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అచ్చం అదే. రైలెక్కితే గంట ప్రయాణం, రెండు ఊళ్లలోనూ మాట్లాడేది తెలుగే.

ఆ రోజు నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. పొరుగు రాష్ట్రాల మధ్య పైచదువులకు ఏ పద్ధతి మేలు? ఎవరి కంచె వాళ్లు వేసుకోవడమా, సీట్లు పొత్తులో పంచుకోవడమా, దేశమంతా ఒకే సంత చేసి వదిలేయడమా?

కంచె సంగతి ముందు చూద్దాం. దాన్ని తిట్టడం తేలిక, కానీ అది ఊరికే పుట్టలేదు. ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371డి అధికరణ, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు వరసగా వచ్చాయి. ఆ ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు, 15 శాతం అందరికీ. ఉమ్మడి రాష్ట్రాన్ని విశ్వవిద్యాలయాల పేర్లతో ఆంధ్ర (కోస్తా), ఉస్మానియా (తెలంగాణ), శ్రీవేంకటేశ్వర (రాయలసీమ, నెల్లూరు) అని మూడు ముక్కలు చేశారు. ఆ గీతలు లేకపోతే గుంటూరు, కృష్ణా పిల్లలు తిరుపతి సీట్లనూ హైదరాబాద్ సీట్లనూ ఊడ్చేసేవారు. నేనూ ఈ జిల్లావాణ్ణే కాబట్టి ధైర్యంగా అంటున్నాను. కోచింగ్‌లన్నీ మన వీధుల్లోనే పెట్టుకుని, అనంతపురం కుర్రాణ్ణి "మెరిట్‌లో తేల్చుకుందాం రా" అని పిలవడం న్యాయం కాదు.

అయితే కంచెకి కళ్లుండవు. నాగార్జున విశ్వవిద్యాలయం 1976 నుంచీ నంబూరు దగ్గర మన గుమ్మంలోనే ఉంది. అయినా గుంటూరు పిల్ల అప్లికేషన్‌లో ఇవాళ్టికీ "ఏయూ లోకల్" అనే రాయాలి. ఆ ఏయూ 1926లో మొదలైంది మన బెజవాడలోనే. 1930లో వాల్తేరు వెళ్లిపోయింది. యాభై ఏళ్ల కిందటి గీతలు ఇంకా ఫారాల మీద బతుకుతున్నాయి.

ఇక సంత. నీట్‌లో ఆలిండియా కోటా కింద ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఎంబీబీఎస్ సీట్లలో 15 శాతం దేశమంతటికీ తెరిచి ఉంటాయి. ఎన్ఐటీల్లో అయితే సగం సొంత రాష్ట్రానికి, సగం బయటివాళ్లకి. హైదరాబాద్‌లోని సెంట్రల్ యూనివర్సిటీ చరిత్ర ఇంకా చిత్రం. మన లోకల్ గొడవలు చల్లార్చడానికి వచ్చిన ఆరు సూత్రాల పథకంలోంచే 1974లో అది పుట్టింది, కానీ అందులో లోకల్ లెక్కే లేదు. సంతలో మంచి సంగతేమిటంటే స్టడీ సర్టిఫికెట్ల టెన్షన్ ఉండదు. ర్యాంకు ఉంటే చాలు. చెడ్డ సంగతి, ర్యాంకు మాత్రమే ఉంటే చాలు. గుంటూరు పెద్దాసుపత్రి వార్డులో ఉత్తరాది కుర్రాడొకడు మంచం పక్కన నిలబడి, "నొప్పి... ఎక్కడ?" అని కూడబలుక్కుంటూ అడగడం నేను విన్నాను. పెదనందిపాడు నుంచి వచ్చిన ముసలామె "డొక్కలో పట్టేసింది నాయనా" అంది. అతను నోట్‌బుక్‌లో ఏం రాసుకున్నాడో దేవుడికెరుక. వాడు తెలివైనవాడే, నేర్చుకుంటాడు కూడా. కానీ చదువయ్యాక పెదనందిపాడులో ఉంటాడా?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మూడోది, పొత్తు.

అమెరికాలో దీనికి ముదిరిన పద్ధతులున్నాయి. దక్షిణాది రాష్ట్రాలు 1948లోనే ఒక ప్రాంతీయ విద్యామండలి పెట్టుకున్నాయి. కెంటకీలో పశువైద్య కళాశాల లేదు. గుర్రాలకు పేరుమోసిన రాష్ట్రం అది, అయినా కాలేజీ కట్టలేదు. పక్క రాష్ట్రం కూడా కాని అలబామా సాయంతో ఆబర్న్ యూనివర్సిటీలో 1951 నుంచీ తన పిల్లలకు సీట్లు తీసిపెట్టుకుంటోంది. సీటుకింత అని డబ్బు కెంటకీ కడుతుంది, పిల్లలు అలబామా స్థానికుల్లాగే ఫీజు కడతారు. ఏటా 38 మంది దాకా వెళ్తారు. పడమటి రాష్ట్రాలు ఇంకో దారి పట్టాయి. పక్క రాష్ట్రం పిల్ల వస్తే, చేరిన కాలేజీలు స్థానికుల ఫీజుకు ఒకటిన్నర రెట్లకు మించి తీసుకోవు. బయటివాళ్ల మామూలు ఫీజు చాలాచోట్ల స్థానికుల ఫీజుకు రెండు మూడు రెట్లుంటుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం వాషింగ్టన్ రాష్ట్రంలోని యూనివర్సిటీ వైద్య కళాశాల ఏర్పాటు. 1971లో అలాస్కా, మోంటానా, ఐడహోలతో మొదలైంది, తర్వాత వయోమింగ్ చేరింది. పిల్లలు మొదటి దశ చదువు సొంత రాష్ట్రంలోనే చదువుతారు, ఆసుపత్రి శిక్షణకు ఐదు రాష్ట్రాల్లో ఎక్కడికైనా వెళ్తారు. కాలేజీ ఒకటే, ఊళ్లు మాత్రం ఎవరివి వాళ్లవే. ఎక్కడ శిక్షణ పొందినవాడికి అక్కడ నిలబడాలనిపించే అవకాశం ఎక్కువ కదా.

ఇదంతా విని అమెరికావాళ్లు మహానుభావులని అనుకోవద్దు. పొత్తుకి చీకటి ముఖం కూడా అక్కడే ఉంది. మిస్సోరీ రాష్ట్రం నల్లజాతి విద్యార్థిని తన లా కాలేజీలోకి రానివ్వకుండా, "ఫీజు మేం కడతాం, పక్క రాష్ట్రానికి పోయి చదువుకో" అంది. 1938లో సుప్రీంకోర్టు చెల్లదని కొట్టేసింది. సొంత గడ్డ మీద చదువు చెప్పాల్సిన బాధ్యతని పొరుగింటికి తోయకూడదంది. పదేళ్లకు దక్షిణాది గవర్నర్లు పెట్టుకున్న ఒప్పందం వెనక కూడా నల్లపిల్లల్ని వేరుగా ఉంచే ఎత్తు ఉందని గొడవ జరిగింది. పొత్తు పేరు చెప్పి తప్పించుకోవడం ఎంత సులువో ఆ కథ చూస్తే తెలుస్తుంది.

మనకి పొత్తు కొత్తేమీ కాదు. 1937లో మద్రాసులో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నప్పుడు, అనంతపురంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి పెట్టాలన్నది అందులో ఒక మాట. విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ సంగతి ఇంకా దగ్గరిది. అది రాష్ట్రవ్యాప్త సంస్థ కాబట్టి స్థానిక సీట్లని ఆంధ్ర ప్రాంతానికి 42, ఉస్మానియా ప్రాంతానికి 36, ఎస్వీ ప్రాంతానికి 22 పాళ్లలో పంచేవారు. రాష్ట్రం విడిపోయినా 2014 విభజన చట్టం 95వ సెక్షన్ ఉమ్మడి ప్రవేశాలను పదేళ్లు కాపాడింది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరింది, ఆ 36 వాటా కూడా పోయింది. పొత్తు చెడింది ఎవరూ మోసం చేసి కాదు. గడువు దగ్గరపడుతుంటే కూర్చుని కొత్త కాగితం రాసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

అయితే ఏది మేలంటే, కోర్సును బట్టి అంటాను. బీటెక్‌కి పొత్తు అక్కర్లేదు. సీట్లు మిగిలిపోతున్న చదువుకి ఒప్పందాలెందుకు? కంచె ఉన్నా లేకపోయినా ఒకటే. పైగా సరిహద్దు దాటితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశ వదులుకోవాలని ప్రతి తండ్రీ ముందే లెక్కేసుకుంటాడు. సీట్లు తక్కువున్నచోటే పొత్తు పనికొస్తుంది. పశువైద్యం తీసుకోండి, మన గన్నవరంలో కాలేజీ ఉంది. సరిహద్దుకు అవతలి మండలాలకు అది పక్కూరే. అలాంటి కోర్సుల్లో తెలంగాణ కొన్ని సీట్లకు డబ్బు కట్టి తీసుకోవచ్చు, బదులుగా మనం అక్కడ ఇంకేదైనా తీసుకోవచ్చు. కెంటకీ చేస్తున్నది అదే. ఎవరి పిల్లకి ఎవరు కడతారో ముందే రాసి ఉంటుంది కాబట్టి తర్వాత పేచీ ఉండదు.

మెడిసిన్ దగ్గర మాత్రం నా మనసు రెండు వైపులా లాగుతుంది. కంచె పూర్తిగా తీసేస్తే ఇక్కడి కోచింగ్ కార్ఖానాలు ఆదిలాబాద్ సీటునీ తినేస్తాయి. అందుకే 85 శాతాన్ని కదపమనను. కానీ రూపాయి ఖర్చులేని పొత్తు ఒకటుంది: ఒకరి రాష్ట్రంలో చదివిన ఏళ్లని ఇంకొకరు లెక్కలోకి తీసుకోవడం. ఆ మధిర పిల్లకి మొత్తం చదువులో ఎక్కువ ఏళ్లు ఎక్కడ గడిచాయో చూసి, అక్కడ లోకల్ అనేస్తే సరిపోయేది. ఉమ్మడి రాష్ట్రంలో ఏడేళ్ల లెక్క ఉండేదే. ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడే స్థానికత. ఆ లెక్కని రెండు రాష్ట్రాలూ కలిసి బతికించుకుంటే ఎవరి సీటూ పోదు. ఏ రాష్ట్రానికీ చెందకుండా పోయే పిల్లలూ ఉండరు.

ఆ రోజు ఆలిండియా కోటా ఆప్షన్లు ముందు పెట్టమని చెప్పాను. తెలంగాణ కౌన్సెలింగ్‌కి కూడా రిజిస్టరు చేసి ఉంచమన్నాను, కేసు ఎటు తిరుగుతుందో అని. తండ్రి అన్నీ నోట్ చేసుకున్నాడు. పిల్ల మాత్రం ఒక్క మాటే అడిగింది: "సార్, ఇంటర్ ఖమ్మంలో చదివుంటే ఈ గొడవ ఉండేది కాదా?" ఉండేది కాదమ్మా అన్నాను. తండ్రి కిటికీ వైపు చూశాడు.

వాళ్లు వెళ్లిన గంటకి ఫోన్. గుంటూరు స్టేషన్‌లో ఉన్నారు, కవర్లో ఒక సర్టిఫికెట్ తక్కువైందట. చూస్తే నా టేబుల్ మీద పేపరు కింద ఉంది. తొమ్మిదో తరగతిది. స్కూటర్ తీశాను.