క్రాంక్ ఇవ్వొచ్చు, బ్లాక్ మాత్రం ఇవ్వొద్దు: ఒక మెషిన్ షాప్ రివ్యూ

ఇంజిన్ భాగాల్ని కోసి, గ్రైండ్ చేసి సైజుకి తెచ్చే షాప్ ఇది. 5 స్టార్లకి 2 ఇస్తున్నా, ఆ రెండూ క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) గ్రైండింగ్‌కే. బ్లాక్ (సిలిండర్లుండే ఇంజిన్ మొండెం) పని చూస్తే సున్నా ఇవ్వాలి గానీ ఆ క్రాంక్ చూసాక మనసు ఒప్పుకోలేదు. షాప్ పేరు రాయట్లేదు, అడగొద్దు కూడా, ఇలాంటి షాప్ మీకు దగ్గర్లోనూ ఒకటి ఉండే ఉంటుంది.

ఇంజిన్ సంగతి ముందు చెప్తా. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, క్యాస్ట్ ఐరన్ బ్లాక్, అల్యూమినియం హెడ్. ఆయిల్ తాగేస్తోంది, వెనక నీలం పొగ, రెండు సిలిండర్లలో కంప్రెషన్ బాగా పడిపోయింది. విప్పి చూస్తే బోర్ (సిలిండర్ లోపలి గోడ) పైన పిస్టన్ రింగ్ ఆగే చోట గోరు పెడితే తగిలేంత గట్టు ఏర్పడిపోయింది, ఇంక హోనింగ్‌తో (రాతితో సన్నగా రుద్దడం) పోయేది కాదు, 0.50 ఎంఎం ఓవర్ సైజ్‌కి రీబోర్ (బోర్‌ని పెద్దగా కోసి పెద్ద పిస్టన్ వెయ్యడం) తప్పదు. క్రాంక్ 0.25 ఎంఎం అండర్ సైజ్‌కి గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చెయ్యడం), వాల్వ్ సీట్లు, అన్నీ ఒకే చోట అయిపోతాయని ఇక్కడిచ్చా. విప్పడం బిగించడం నా పనే, మెషిన్ వర్క్ ఒక్కటే బయట.

మెషినిస్ట్ వయసులో పెద్దాయన, మాట తియ్యగా ఉంటుంది, మొదటిరోజు ఆయన అన్న ఒక్క మాటకే నేను పడిపోయా. "పిస్టన్లు చేతిలో లేకుండా నేను బ్లాక్ ముట్టుకోను తమ్ముడూ" అన్నాడు. ఇది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్ మాట. ఎందుకంటే డబ్బా మీద 0.50 అని రాసి ఉన్నా లోపల నాలుగు పిస్టన్లూ మైక్రోమీటర్ పెట్టి చూస్తే కొన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటాయి, కాబట్టి డబ్బా మీద నంబర్ చూసి బోర్ కొట్టకూడదు, ఏ సిలిండర్‌లో ఏ పిస్టన్ వెళ్తుందో ముందే నంబర్ వేసుకుని, ఆ పిస్టన్ స్కర్ట్ (కింది భాగం) కొలిచి, దానికి క్లియరెన్స్ (పిస్టన్‌కీ బోర్‌కీ మధ్య సందు) కలిపి అప్పుడు బోర్ సైజు తేల్చాలి. నా ఇంజిన్ మాన్యువల్ ప్రకారం ఆ క్లియరెన్స్ 0.03 నుంచి 0.05 ఎంఎం. ఈ లెక్క నేను అడక్కుండానే ఆయనే చెప్పాడు, ఇంకేం కావాలి అనిపించింది. పిస్టన్లకి 1, 2, 3, 4 అని మార్కర్‌తో రాసి, డబ్బాకి బ్రౌన్ టేప్ చుట్టి ఇచ్చి వచ్చా.

తర్వాత మొదలైంది రేపు మాపు వ్యవహారం. ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తితే "బ్లాక్ మెషిన్ మీదే ఉంది", వెళ్తే "కరెంట్ పోయింది", మళ్ళీ వెళ్తే "కటింగ్ టూల్ రావాలి". ఇదంతా నాకు పెద్ద కంప్లైంట్ కాదు నిజంగా, మెషిన్ షాప్ అన్నాక లేటవుతుంది, మంచి పనోడి దగ్గర క్యూ ఉంటుంది, తొందరపెట్టి పాడు చేయించుకోవడం కంటే ఆగడం నయం అనుకునే రకం నేను. నా బాధ లేటు గురించి కాదు, ఆ చెప్పే కారణాల్లో ఒక్కటీ ఇంకోదానితో కలవకపోవడం గురించి. మెషిన్ మీద ఉన్న బ్లాక్‌కి టూల్ రావాల్సిన అవసరం ఏంటి?

క్రాంక్ మాత్రం వేరే కథ. ఒకరోజు రమ్మన్నాడు, వెళ్ళేసరికి వి బ్లాకుల మీద పెట్టి ఉంది, గుడ్డతో తుడిచి మైక్రోమీటర్ నా చేతికే ఇచ్చి "నువ్వే చూస్కో" అన్నాడు. ప్రతి జర్నల్ (బేరింగ్‌లో తిరిగే గుండ్రటి భాగం) రెండు చోట్ల, ఒక్కోచోట అడ్డంగా నిలువుగా కొలిచా, టేపర్ (ఒక కొస లావు, ఒక కొస సన్నం) గానీ ఓవాలిటీ (కోడిగుడ్డు ఆకారం) గానీ 5 మైక్రాన్లు దాటలేదు. జర్నల్ చివర పక్కనున్న వెబ్‌ని (పలక లాంటి భాగం) కలిసే చోట ఆ గుండ్రటి ఫిల్లెట్ అలాగే ఉంచాడు (చాలామంది ఇక్కడ స్టోన్‌ని చదునుగా డ్రెస్ చేసేసి పదును మూల వదిలేస్తారు, క్రాంక్ ఎక్కువగా విరిగేది అక్కడ్నుంచే), ఆయిల్ హోల్స్ అంచులు మొద్దు చేశాడు, పైన పాలిష్ అద్దంలా ఉంది. చివర్లో బ్లాక్‌లో బిగించేటప్పుడు బేరింగ్ షెల్స్ వేసి ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు చెప్పే మెత్తటి దారం) పెట్టి చూస్తే మెయిన్ బేరింగ్‌లన్నీ 0.04 దగ్గర ఉన్నాయి. ఇంతకంటే బాగా ఎవరూ చెయ్యరు. ఆ చెయ్యి నిజంగా పనోడి చెయ్యి.

ఆ రోజు క్రాంక్ చూసాక బ్లాక్ గురించి నాకున్న డౌట్ కూడా పోయింది. హెడ్ కూడా వచ్చేసింది, పర్లేదు, ఫేసింగ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే 0.03 ఆకు కూడా దూరలేదు, పోర్టుల్లో పెట్రోల్ పోసి ఉంచితే వాల్వుల కింద చెమ్మ రాలేదు.

బ్లాక్ చేతికొచ్చిన రోజు చూసిన మొదటి విషయం పిస్టన్ల డబ్బా. నేను చుట్టిన బ్రౌన్ టేప్ నేను చుట్టినట్టే ఉంది, కొస కూడా లేవలేదు. అంటే ఆ డబ్బా ఎవరూ తెరవలేదు, ఏ పిస్టన్నీ ఎవరూ కొలవలేదు, "పిస్టన్లు లేకుండా ముట్టుకోను" అన్న మనిషి దగ్గర్నుంచి బ్లాక్ బోర్ అయిపోయి వచ్చింది. రెండోది, బ్లాక్ పక్క గోడ మీద పసుపు మార్కర్‌తో ఏదో జాబ్ నంబర్ రాసి ఉంది. ఈయన షాప్‌లో ప్రతి జాబ్‌కీ తీగతో రేకు ముక్క కట్టి దాని మీద నంబర్ పంచ్ కొడతారు, నా క్రాంక్‌కీ హెడ్‌కీ అదే కట్టాడు, మార్కర్ రాత నేను అక్కడ ఎప్పుడూ చూడలేదు. అప్పుడు లోపలికి తల తిప్పి బోరింగ్ మెషిన్ వైపు చూశా. టేబుల్ నిండా పాత వాల్వులు, గాస్కెట్ డబ్బాలు, ఒక విరిగిన స్టూలు, వాటన్నిటి మీదా ఒకే మందంలో దుమ్ము. ఆ మెషిన్ తిరిగి ఎంత కాలమైందో దేవుడికే తెలియాలి.

"అన్నా, ఇది ఎక్కడ చేయించావ్?" అనడిగా. "ఇక్కడే, మా కుర్రాడు చేశాడు." "ఈ మెషిన్ మీదేనా?" "లోపల ఇంకోటి ఉందిలే." హెల్పర్ కుర్రాడు నా మొహం చూడకుండా వెళ్ళి గ్రైండర్ ఆన్ చేసుకున్నాడు.

ఇంటికి తెచ్చి, రాత్రంతా అలాగే వదిలేసి, బ్లాకూ పిస్టన్లూ ఒకే వేడికి వచ్చాక పొద్దున్నే బోర్ గేజ్ పెట్టా. 1, 2, 4 సిలిండర్లు అదృష్టం కొద్దీ లిమిట్‌లోనే ఉన్నాయి. మూడోదాన్లో క్లియరెన్స్ పైన 0.06, కింద 0.02. అంటే పైన వదులు, కింద బిగువు, హోన్ కింద దాకా సరిగ్గా ఆడించకుండా తీసేస్తే వచ్చే టేపర్ ఇది, మెయిన్ బేరింగ్ గోడ అడ్డొస్తుంది కాబట్టి కింద కాసేపు ఆపి తిప్పాలి, అది తెలిసినోడు చేసిన పని కాదు. 0.04 తేడానే కదా అనిపించొచ్చు, కానీ బోర్ డయామీటర్ 0.04 మారితే చుట్టుకొలత 0.12 పైన మారుతుంది, అంటే రింగ్ గ్యాప్ (రింగ్ రెండు కొసల మధ్య సందు) ప్రతి స్ట్రోక్‌కీ అంత తెరుచుకుని మళ్ళీ మూసుకోవాలి, 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 100 స్ట్రోకులు. ఆ రింగ్ ఎన్నాళ్ళు బతుకుతుంది, ఆయిల్ ఏం ఆపుతుంది.

ఇంకా ఉంది. మెయిన్ క్యాప్‌లు (క్రాంక్‌ని బ్లాక్‌కి పట్టి ఉంచే మూతలు) బిగించే పంపా, నంబర్ పంచ్ కూడా కొట్టి ఉన్నాయి, వచ్చేటప్పుడు 2, 4 తారుమారు. మెయిన్ క్యాప్ అంటే ఎక్కడిదక్కడే ఉండాలి, ఫ్యాక్టరీలో అన్నీ బిగించి ఒకేసారి లైన్‌లో బోర్ చేస్తారు, మారిస్తే కొత్త క్రాంక్ కూడా పట్టేయొచ్చు. క్లీనింగ్ అయితే డీజిల్‌తో పైపైన కడిగి ఆయిల్ రాసి ఇచ్చాడు. హోనింగ్ అయ్యాక డీజిల్, పెట్రోల్ పనికిరావు, ఆ రాతి పొడి గీతల్లో అలాగే ఉండిపోతుంది, వేడినీళ్ళూ సబ్బూ బ్రష్షూ పెట్టి తోమాలి, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి, రాగానే ఆరబెట్టి ఆయిల్ రాయాలి లేకపోతే కళ్ళముందే తుప్పు పడుతుంది. నా తెల్లగుడ్డ ఒక్క తుడుపుకి సీసం రంగులోకి వచ్చింది. ఆయిల్ గ్యాలరీ (బ్లాక్ లోపల ఆయిల్ వెళ్ళే దారి) ప్లగ్గులు విప్పనే లేదు, నేను విప్పి సన్న బ్రష్ ఒక చివర దూర్చి ఇంకో చివర లాగితే దాంతోపాటు ఇనుప రజను, తడిగా, మెరుస్తూ, వేళ్ళ మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడుతూ బయటికొచ్చింది. అలాగే బిగించి స్టార్ట్ చేస్తే ఆ రజను నేరుగా వెళ్ళేది ఆయన అంత బాగా పాలిష్ చేసిన జర్నల్స్ మీదకే.

కొలతలు కాగితం మీద రాసుకుని మళ్ళీ వెళ్ళా. కాగితం చూడలేదు. "వెంట్రుక మందంలో సగం, దానికి ఇంత రచ్చా, రింగులు సెట్ అయితే అదే సర్దుకుంటుంది" అన్నాడు. అదే నోటితో క్రాంక్ దగ్గర 5 మైక్రాన్ల గురించి మాట్లాడాడు మరి. నీ గేజ్ పెట్టి నువ్వే కొలువు అన్నా అంటే గేజ్ సర్వీస్‌కి వెళ్ళిందన్నాడు. చాలాసేపు నిలబడ్డాక, మిగతా కస్టమర్లు వినడం మొదలయ్యాక ఒప్పుకున్నాడు, తన బోరింగ్ మెషిన్ ఎప్పుడో పాడైందని, బ్లాకులన్నీ వేరేవాళ్ళకి పంపి కమీషన్ తీసుకుంటున్నాడని. అది తప్పు కాదు, చాలా షాపులు బయట చేయిస్తాయి, ముందే చెప్తే పిస్టన్ల డబ్బా తీసుకెళ్ళి నేనే వాళ్ళతో మాట్లాడుకునేవాణ్ణి. నా బ్లాక్ నాకు తెలియకుండా ఊరేగింపు వెళ్ళిరావడమే నాకు మండింది, అందుకే కారణాలేవీ కలవలేదు కూడా, ఆయనకే తెలియదు అది ఏ స్టేజ్‌లో ఉందో. బోరింగ్ చార్జి వెనక్కిచ్చాడు, అదీ గొడవపడితే. తర్వాతి ఖర్చంతా నాదే.

మూడో సిలిండర్‌ని 0.06కి సరిచేస్తే లిమిట్ దాటిపోతుంది, నాలుగూ 1.00 కి బోర్ చేస్తే కొత్త పిస్టన్ల సెట్ కొనాలి. అందుకని వేరే షాప్‌లో మూడోదానికి ఒక్కదానికే లైనర్ (బోర్‌లో దూర్చే కొత్త గొట్టం) వేయించా, మళ్ళీ అదే 0.50 పిస్టన్‌కి బోర్ చేయించా. లైనర్‌ని ప్రెస్ చేస్తే పక్క బోర్లు కూడా కాస్త నొక్కుకుంటాయి కాబట్టి నాలుగూ మళ్ళీ కొలవాలి, బ్లాక్ పైభాగం కూడా సన్నగా ఒక కోత తియ్యాలి, ఆ కొత్త షాప్ మెషినిస్ట్ ఇవన్నీ నేను నోరు తెరవకముందే చెప్పాడు. హోనింగ్‌కి ముందు మందపాటి డెక్ ప్లేట్‌ని (హెడ్ బదులు పెట్టే పలక) హెడ్ లాగే టార్క్‌కి బిగించాడు, ఎందుకంటే హెడ్ బోల్టులు బిగిస్తే బోర్ ఆకారం మారుతుంది, ఉత్తిగా గుండ్రంగా చేసింది బిగించాక గుండ్రంగా ఉండదు. చివర్లో నాలుగు సిలిండర్లకీ పైన, మధ్యలో, కింద కొలతలు కార్డు మీద రాసి బ్లాక్‌తో ఇచ్చాడు. ఈయనకీ లేటయ్యింది. కానీ ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే చెప్పాడు: ఇంకా మొదలుపెట్టలేదు, మీ ముందు ఇంకో బ్లాక్ ఉంది.

మీరెవరైనా బ్లాక్ ఇచ్చేముందు రేట్ అడగడం కంటే బోరింగ్ మెషిన్ ఎక్కడుందో చూపించమనండి, దాని మీద దుమ్ముందా కొత్త చిప్స్ ఉన్నాయా చూడండి. కొలతలు రాసిస్తారా అనడగండి, "నా మాట మీద నమ్మకం లేదా" అని ఎవరైనా ఫీలైతే బ్లాక్ మళ్ళీ బండిలో పెట్టేసుకోండి. మంచి మెషినిస్ట్‌కి కొలత అడిగితే కోపం రాదు, ఇంకా ఉత్సాహం వస్తుంది, ఈ పెద్దాయనే క్రాంక్ దగ్గర చూపించాడు కదా.

బండి ఇప్పుడు తిరుగుతోంది, పొగ లేదు, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉంది. రన్నింగ్ ఇన్‌లో (కొత్తగా కట్టిన ఇంజిన్‌ని నెమ్మదిగా నడిపే మొదటి రోజులు) మొదటి ఆయిల్ దింపాక ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశా, కొత్త రింగులు రుద్దుకున్న సన్న పొడి తప్ప ముక్కలేవీ లేవు, బేరింగ్ లోహం రంగు రజను అసలే లేదు.

ఫ్రెండ్ ఇంజిన్ ఒకటి మళ్ళీ విప్పాం. క్రాంక్ ఈ పెద్దాయనకే ఇచ్చొచ్చా, నవ్వుతూ తీసుకున్నాడు, రేకు ముక్క కట్టి నంబర్ కొట్టాడు, "బ్లాక్ ఏది?" అనడిగాడు. వేరే చోట ఇచ్చేశానని చెప్పా.